ఇంట్లో పెద్దవాళ్లకు క్యాన్సర్ అంటే: ముక్క పెట్టిన సీసా నుంచి రాత్రి మాత్ర దాకా ఇంటివాళ్ల పనులు

వైద్యం డాక్టర్లు చేస్తారు. కానీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారేటప్పుడు, అంటే నర్సింగ్ హోమ్ నుంచి ల్యాబుకు, ల్యాబు నుంచి పెద్దాసుపత్రికి, పెద్దాసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు జారిపోయేవి చాలా ఉంటాయి. వాటిని పట్టుకోవాల్సింది ఇంటివాళ్లే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి మద్రాసుకో తిరుపతికో తిరిగే కుటుంబాలకు ఈ జారుడు మరీ ఎక్కువ. ఊరొకటి, ఆసుపత్రి ఇంకొకటి, మందులిచ్చేది మూడోచోట. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ ఆ మధ్య దారిలో చేయాల్సిన పనులు.

ముక్క, సీసా, మైనపు బిళ్ల

దగ్గరి టౌనులో చిన్న ఆసుపత్రికి వెళ్తారు. "కొవ్వు గడ్డేలే" అని కోసి తీసేస్తారు. ముక్కను పరీక్షకు పంపరు. ఆర్నెల్లకు అదే చోట మళ్లీ లేస్తుంది. అప్పుడు పెద్ద డాక్టరు అడిగే మొదటి మాట, "మొదట తీసిన ముక్క రిపోర్టు ఏది?" అది లేకపోతే మొదటిసారి ఏముందో, అంచుల్లో మిగిలిందో లేదో చెప్పగలిగేవాళ్లు ఉండరు. ఒంట్లోంచి ఏ గడ్డ తీసినా బయాప్సీకి పంపమని ఆపరేషన్‌కు ముందే చెప్పండి. వాళ్లు వద్దన్నా సరే, ఆ ఖర్చు మనం పెట్టుకుందాం అనండి.

ముక్కను ల్యాబుకు తీసుకెళ్లే పని చాలాసార్లు మన చేతికే ఇస్తారు. సీసా తీసుకునే ముందు అందులో ఉన్నది ఫార్మలినా (ముక్క చెడకుండా ఉంచే ద్రవం), సెలైనా అని అడగండి. 10 శాతం ఫార్మలిన్ ఉండాలి. ముక్క పూర్తిగా మునగాలి, ద్రవం ముక్కకు పదింతలన్నా ఉండాలి. సెలైన్‌లో వేస్తే కణాలు పాడైపోతాయి, వారం తర్వాత "సరిగా లేదు, మళ్లీ ముక్క తీయాలి" అంటారు. సీసా మీద పేరు, వయసు, ఏ భాగం, కుడా ఎడమా, తేదీ రాసుండాలి. మూత కాదు, సీసా మీదే రాయించండి, మూతలు మారిపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఐసు అక్కర్లేదు. అదే రోజు ల్యాబులో ఇచ్చేయండి.

రోగి గుండె కోసమో పక్షవాతం వచ్చినందుకో ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచన చేసే మాత్రలు వాడుతుంటే బయాప్సీ తేదీ ఇచ్చినప్పుడే చెప్పాలి. ముక్క తీసే బల్ల మీద పడుకున్నాక చెబితే ఆ రోజు వృథా. సొంతంగా మాత్ర ఆపేయడం మాత్రం వద్దు.

ల్యాబులో ఆ ముక్కను మైనంలో పోసి చిన్న బిళ్లగా చేస్తారు. దాన్నే బ్లాకు అంటారు. దాని నుంచి పలచగా కోసి గాజు పలక మీద పరిస్తే అది స్లైడు. రిపోర్టును ఎన్ని జిరాక్సులైనా తీయొచ్చు, బ్లాకు మాత్రం ఒక్కటే. రెండో ఆసుపత్రి వాళ్లు మొదటి రిపోర్టును నమ్మి మందు మొదలుపెట్టరు. స్లైడ్లు, బ్లాకులు తెమ్మని వాళ్ల పాథాలజీలో మళ్లీ చూస్తారు. రొమ్ము క్యాన్సర్‌కు ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు, ఊపిరితిత్తులకు ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే పరీక్షలు ఆ బిళ్ల మీదే జరుగుతాయి. కాబట్టి ఊరు దాటే ముందే ల్యాబుకు ఒక ఉత్తరం రాసి, రోగి ఆధార్ జిరాక్సు జతచేసి బ్లాకులు తీసుకోండి. బ్లాకు మీది నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని అక్కడే నిలబడి చూసుకోండి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చేతిసంచిలో ఉంచుకోండి. మైనం 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రోహిణి కార్తెలో ఒంగోలు బస్టాండు ముందు ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టారంటే ఆ బిళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఒక ఫైలు, ఒక మనిషి

ఇంట్లో నలుగురు కొడుకులున్నా ఫైలు ఒక్కరి దగ్గరే ఉండాలి. డాక్టరుతో మాట్లాడేది కూడా వాళ్లే. అల్లుడు ఒక మాట, కొడుకు ఒక మాట విని వస్తే ఇంట్లో రెండు వైద్యాలు నడుస్తాయి.

ఫైలులో పైన ఒకే ఒక్క కాగితం పెట్టండి. ఆధార్‌లో ఉన్నట్టే పేరు, వయసు, బరువు (ఏ తేదీన చూసిందో కూడా), బ్లడ్ గ్రూపు, పడని మందులు, షుగరూ బీపీ ఉంటే వాటి మాత్రలు, జబ్బు పేరు, స్టేజి, ఇప్పటిదాకా ఏ తేదీన ఏం చేశారు. రాత్రి రెండు గంటలకు ఎమర్జెన్సీలో ఉన్న డ్యూటీ డాక్టరు చదివేది ఆ ఒక్క కాగితమే. దాని వెనక బయాప్సీ, స్కాన్లు, రక్తపరీక్షలు, డిశ్చార్జి సమ్మరీలు తేదీల వరసలో. స్కాన్‌కు రిపోర్టుతో పాటు సీడీ అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో తీసిన ఫిల్ము ఫొటో చూసి ఏ సర్జనూ ఆపరేషన్ నిర్ణయించడు. బిల్లులకు వేరే కవరు. మెడికల్ షాపు మిషన్ బిల్లులు నున్నటి కాగితం మీద వస్తాయి, రెండు మూడు నెలల్లో అక్షరాలు మాయమవుతాయి. కొన్న రోజే జిరాక్సు తీసి రెండూ కలిపి పిన్ను కొట్టండి. ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోవాలంటే అసలు బిల్లులు అడుగుతారు.

ఎక్కడికి వెళ్లాలి

"మంచి డాక్టరు ఎక్కడున్నాడు?" అని అందరూ అడుగుతారు. దానికన్నా పనికొచ్చే ప్రశ్న, "ఈ వైద్యానికి ఎన్నిసార్లు వెళ్లాలి?" కష్టమైన ఆపరేషన్ ఒక్కసారే జరుగుతుంది, దానికి ఎంత దూరమైనా పోవచ్చు. రేడియేషన్ సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ, చాలాసార్లు ఐదారు వారాలు. దానికి దగ్గర్లోనే ఉండాలి, లేదా అక్కడే గది తీసుకోవాలి. కీమో సాధారణంగా మూడు వారాలకొకసారి. పెద్దాసుపత్రిలో ప్లాను వేయించుకుని, ఆ ప్రోటోకాల్ కాగితం మీద మందు, డోసు, రోజులు రాయించుకుని వస్తే దగ్గరి ఊళ్లో క్యాన్సర్ డాక్టరు దగ్గర ఎక్కించుకోవచ్చు.

నెల్లూరులోనే రెడ్‌క్రాస్ వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్స్ వాళ్ల స్విక్కార్ క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది. మద్రాసులో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచి ఉంది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పెట్టించిన ఆసుపత్రి అది. దానికి రెండు ఆవరణలున్నాయి, గాంధీనగర్‌లో పాతది, సర్దార్ పటేల్ రోడ్డులో ఇంకోటి. ఆటో ఎక్కేముందే ఏ ఆవరణకు వెళ్లాలో చెప్పండి, లేకపోతే ఓపీ టైము దాటిపోతుంది. గిద్దలూరు, మార్కాపురం వైపు వాళ్లలో కొందరికి హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రే తేలిక.

ఎక్కడికి వెళ్లినా మొదటి ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు మూడు విషయాలు అడగండి. ఇది పూర్తిగా నయం చేయడానికా, అదుపులో పెట్టడానికా? ఆపరేషన్, కీమో, రేడియేషన్‌లలో ఏది ముందు, ఏది తర్వాత? సర్జనూ, కీమో డాక్టరూ, రేడియేషన్ డాక్టరూ ముగ్గురూ ఫైలు చూశారా? గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ అని తెలియకుండా మామూలు గర్భసంచి ఆపరేషన్ చేసేసి పంపిన కేసులు పెద్దాసుపత్రుల్లో తరచూ కనిపిస్తాయి. సగం చేసిన ఆపరేషన్‌ను సరిచేయడం, అసలు చేయనిదానికంటే కష్టం.

రైలుకు రాయితీ ఉంది, చాలామంది వాడుకోరు. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం తగ్గింపు. సెకండ్ క్లాసులో, చైర్ కార్‌లో ఇద్దరికీ 75 శాతం. రైల్వే నమూనా ఫారం మీద ఆసుపత్రి డాక్టరు సంతకం, స్టాంపు ఉండాలి. ఓపీలో మొదటిరోజే అడిగి పెట్టించుకోండి.

ఆరోగ్యశ్రీ దగ్గర ఎక్కడ ఆగుతుంది

ఇప్పుడు పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, జనం నోట్లో ఇంకా ఆరోగ్యశ్రీయే. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది, అక్కడ మొదలుపెట్టాలి. వైద్యం మొదలయ్యే ముందే అనుమతి రావాలి. డబ్బు కట్టేసి తర్వాత ఇప్పించమంటే కుదరదు. ఏ ఆసుపత్రిలో ఏ వైద్యానికి వర్తిస్తుందో బయలుదేరే ముందే 104కు ఫోన్ చేసి అడగండి. పొరుగు రాష్ట్రం ఆసుపత్రి అయితే మరీ అవసరం.

ఆగిపోయేది ఎక్కువగా పేర్ల దగ్గరే. రైస్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది. లేదా అమ్మ పేరు పెద్దకొడుకు కార్డులోంచి తీసేసి, చిన్నకొడుకు కార్డులో ఇంకా ఎక్కించి ఉండరు. ముక్కను పరీక్షకు పంపిన వారంలోనే గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్లి రెండూ సరిచూసుకోండి. బయాప్సీ రిపోర్టు రావడానికి పట్టే ఐదారు రోజులు దీనికి సరిపోతాయి. ఒట్టినే ఎదురుచూడటం కంటే అది మేలు.

రోగికి చెప్పాలా

"నాన్నకు చెప్పొద్దండీ, తట్టుకోలేడు" అని కౌంటరు దగ్గరే గుసగుసలు మొదలవుతాయి. ఆసుపత్రి బోర్డు చదవలేని మనిషికి కూడా చుట్టూ గుండు తలలు కనిపిస్తాయి. చెప్పని ఇంట్లో ఇంకో నష్టం ఉంది. జ్వరమొచ్చినా, నోరు పూసినా "వీళ్లను ఎందుకు ఇబ్బంది పెట్టాలి" అని ఆయన చెప్పడు. అన్నీ ఒకేసారి చెప్పక్కర్లేదు. "గడ్డ చెడ్డదే, మందుంది, ఇన్ని నెలలు తిరగాలి, ఒంట్లో ఏం తేడా వచ్చినా అదే రోజు నాకు చెప్పు నాన్నా" అంటే చాలు. అంతకు మించి ఎంత చెప్పాలో ఆయన అడిగే ప్రశ్నలే చెబుతాయి.

కీమో తర్వాత: థర్మామీటర్

కొనాల్సిన వస్తువుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది డిజిటల్ థర్మామీటర్. కీమో ఎక్కించాక సుమారు 7వ రోజు నుంచి 14వ రోజు దాకా తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో ఒంటికి పాకుతుంది. కేలెండరులో ఆ రోజుల చుట్టూ గీత గీసి పెట్టుకోండి. నాలుక కింద పెట్టి ఉదయం, సాయంత్రం, చలిగా ఉందన్నప్పుడల్లా చూడండి. వేడి కాఫీ తాగిన వెంటనే చూడొద్దు, పావుగంట ఆగండి.

100.4 ఒక్కసారి వచ్చినా, 100 వచ్చి గంటసేపు దిగకపోయినా ఆసుపత్రికి బయలుదేరాలి. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ముందు డోలో వేసి చూద్దాం అనుకోవద్దు, అది జ్వరాన్ని కప్పిపెడుతుంది. జ్వరంతో పాటు తెల్లకణాల్లో ముఖ్యమైన న్యూట్రోఫిల్స్ 500 లోపు పడితే నరానికి యాంటీబయాటిక్ త్వరగా, వీలైతే గంటలోపే ఎక్కాలి.

ఇక్కడే ఊళ్లో పెద్ద ప్రమాదం ఉంది. వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు మనకు కావలసినవాడే, రాత్రి పిలిస్తే వస్తాడు. పిరుదుకు ఒక ఇంజెక్షన్ ఇస్తాడు, అందులో డెక్సా అనే స్టెరాయిడ్ ఉంటే జ్వరం దిగిపోతుంది, ముసలాయన లేచి కూర్చుని టీ కూడా తాగుతాడు. ఇన్ఫెక్షన్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. పైగా ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే సూది గుచ్చిన చోట రక్తం గూడుకడుతుంది. ఆయన సాయం కావాలంటే బండి మాట్లాడమనండి, బీపీ చూడమనండి. సూది మాత్రం వద్దు. దూరపు ఆసుపత్రికి వెళ్లేంత టైము లేకపోతే దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లి, "కీమో ఎక్కించి పది రోజులైంది, జ్వరం 101" అని అదే వరసలో చెప్పండి. ఆ రెండు ముక్కలు విన్నాక ఎవరూ బెంచీ మీద కూర్చోబెట్టరు.

తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ (ఫిల్‌గ్రాస్టిమ్) ఇంటికి ఇచ్చి పంపితే అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసుకు తగిలితే గడ్డకట్టి పాడవుతుంది. చిన్న థర్మాకోల్ డబ్బాలో జెల్ ప్యాకు, దాని మీద మడతపెట్టిన టవలు, ఆపైన మందు. ఇంటికొచ్చాక ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి, తలుపులో వద్దు, ఫ్రీజర్‌కు ఆనించొద్దు. కీమో అయిన 24 గంటల లోపు వేయకూడదు. మర్నాడు నడుము, ఎముకలు నొప్పిపెట్టడం దాని గుణమే.

తరవాతి కీమోకు ముందురోజు రక్తపరీక్ష చేయించి రిపోర్టు ఫోన్‌లో పంపండి. కణాలు తక్కువుంటే వారం వాయిదా వేస్తారు. కనిగిరి నుంచి తెల్లవారుజామున బయలుదేరి తిరుపతి వెళ్లాక ఆ మాట వినడం దండగ. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తుంటే కిడ్నీలు జాగ్రత్త. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) చూడాలి, డాక్టరు వద్దనకపోతే రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్లు తాగించాలి, నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు షాపులో కొని వేయకూడదు. కీమోతో పాటిచ్చే డెక్సా వల్ల షుగరు రెండు మూడు రోజులు పెరుగుతుంది, ఇంట్లో మిషన్ ఉంటే ఆ రోజుల్లో చూడండి.

మొదటి 48 గంటలు వాంతి, మూత్రం శుభ్రం చేసేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకోండి. బాత్‌రూమ్‌లో రెండుసార్లు నీళ్లు కొట్టండి. బట్టలు వేరుగా ఉతకండి.

రేడియేషన్ రోజులు

పండగకు రెండు రోజులు ఇంటికొచ్చి, జ్వరమని ఇంకో రెండు రోజులు ఉండిపోతే నష్టం కంటికి కనబడదు, కానీ ఉంటుంది. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌కు లోపలి రేడియేషన్‌తో కలిపి మొత్తం 8 వారాల లోపు పూర్తికావాలంటారు. ఎడం పెరిగితే మిగిలిన కణాలు మళ్లీ పుంజుకుంటాయి. వారాంతం ఊరికి వచ్చినా ఆదివారం సాయంత్రానికి తిరిగి చేరాలి.

రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో ఒంటి మీద గీసిన గుర్తులు చెరపొద్దు. అక్కడ పసుపు, కొబ్బరినూనె, బామ్ ఏదీ రాయొద్దు. నోరు, గొంతు రేడియేషన్ అయితే ముందే పళ్ల డాక్టరుకు చూపించి, పుచ్చిన పళ్లు పీకించాలి, ఆ గాయం మానడానికి రెండు వారాలు వదలాలి. రేడియేషన్ అయ్యాక పన్ను పీకిస్తే దవడ ఎముక మానక కుళ్లొచ్చు. గుట్కా, చుట్ట మొదటిరోజే ఆగాలి. రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా ముఖానికి చేసిన ప్లాస్టిక్ మాస్కు మనిషి చిక్కితే వదులవుతుంది, అప్పుడు ప్లాను మళ్లీ వేయాలి. అందుకే తిండి వైద్యంలో భాగమే.

తిండి, ముక్కు గొట్టం

50 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 75 గ్రాముల ప్రొటీను కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6, గిన్నెడు ఉడికిన పప్పులో 7 దాకా, 100 గ్రాముల చేపలో 20 ఉంటాయి. ఉత్త ఇడ్లీ, గంజితో ఆ లెక్క ఎప్పటికీ తేలదు. నెల్లూరు చేపల పులుసు పులుపు, కారం పూసిన నోటికి నిప్పే. అదే కొరమేను ముక్కను ఉప్పు, కాస్త అల్లంతో ఉడకబెట్టి ముళ్లు తీసి మెత్తటి అన్నంలో కలిపితే దిగుతుంది. "చేప వేడి, గుడ్డు చీము పడుతుంది, పాలు గడ్డను పెంచుతాయి" అని చుట్టాలు చెప్పేవి విన్నట్టే విని వదిలేయండి. కణాలు తక్కువున్న రోజుల్లో పచ్చి కూరగాయలు, బండి మీది చెరుకురసం, సగం ఉడికిన గుడ్డు మానాలి. నోటికి, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించాలి.

మింగలేనప్పుడు ముక్కు గొట్టం వేస్తారు. గొట్టం వేస్తే ఇక పని అయిపోయినట్టే అని ఇంట్లో ఏడుస్తారు. నిజానికి చాలామందికి అది రేడియేషన్ పూర్తిచేయడానికి పట్టుకొమ్మ. పోసే పద్ధతి ఇది. మనిషిని కూర్చోబెట్టండి, లేదా తలవైపు రెండు మూడు దిండ్లు పెట్టి ఎత్తండి. ముక్కు దగ్గర గొట్టం మీద పెట్టిన గుర్తు జరిగిందేమో చూడండి. జరిగితే పోయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, నర్సుకు చూపించాలి. రాగిజావ పలచగా కాచి, పలుచటి నూలుగుడ్డలో వడకట్టండి. టీ జల్లెడ చాలదు, దాని కన్నాల్లోంచి దిగిన పొట్టే గొట్టాన్ని మూసేస్తుంది. గోరువెచ్చగా 200 నుంచి 250 మిల్లీలీటర్లు, సిరంజిని పైకి పట్టుకుని దానంతట అదే దిగేలా పోయాలి, పిస్టను నొక్కొద్దు. తర్వాత 30 నుంచి 50 మిల్లీలీటర్ల కాచిన నీళ్లు. అరగంట నుంచి గంట దాకా పడుకోబెట్టొద్దు. మాత్రలు మెత్తగా నూరి ఒక్కొక్కటీ విడిగా నీళ్లలో కలిపి పోయాలి. నూరకూడని మాత్రలుంటాయి, ముందే అడగండి. మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లతో నెమ్మదిగా ప్రయత్నించండి, లోపలికి పుల్లా తీగా పెట్టొద్దు. పోస్తుండగా దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆపేయాలి.

నొప్పి

నొప్పి భరించడం గొప్ప కాదు. మార్ఫిన్ మాత్ర అన్ని షాపుల్లో దొరకదు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఇవ్వడం తేలికైంది. మీ ఆసుపత్రిలో పాలియేటివ్ ఓపీ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం చేసేచోటు) ఎక్కడో అడగండి. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకసారి గడియారం చూసి వేయాలి, నొప్పి వచ్చాక వెతుక్కోవడం కాదు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పినట్టు వాడే మనిషికి అది వ్యసనం కావడం అరుదు, ఆ భయంతో మానొద్దు. మలబద్ధకం మాత్రం తప్పదు కాబట్టి మొదటిరోజు నుంచే విరేచనం మందు కూడా వేయాలి. చాలామంది మార్ఫిన్ మానేసేది కడుపు బిగుసుకుపోయే. రాత్రి రెండింటికి లేపాల్సిన పని లేకుండా పడుకునేముందు డోసు ఎలా సర్దాలో డాక్టరుతోనే రాయించుకోండి. మనిషి మరీ మత్తుగా ఉండి పిలిచినా పలక్కపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే తర్వాతి మాత్ర ఆపి ఫోన్ చేయండి. మాత్రలు తాళం వేసిన పెట్టెలో ఉంచి, ఎన్ని వేశారో ఒక పుస్తకంలో టైముతో రాసిపెట్టండి. ఓపీలో మళ్లీ మాత్రలు ఇచ్చేముందు ఆ పుస్తకమే అడుగుతారు. మిగిలిపోయినవి ఎవరికీ పంచకుండా ఇచ్చినచోటే తిరిగి అప్పజెప్పాలి.